నిలిచిన బండిలో నడచు ఇంజను

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటలో అడవి కనుపట్టును. ఆ బాటను ఒక పాత అంబాసిడరు కారు పోవుచున్నదనుకొనుడు. ఈ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. దారికి పశువుల మంద అడ్డము వచ్చినది. డ్రైవరు యాక్సిలరేటరు మీది కాలు తీసి బండి నాపెను. బండి నిలిచినది, ఇంజను మాత్రము మెల్లగా నడచుచునే యున్నది. దీనినే మెకానిక్కులు ఐడిలింగు అందురు. కాలు తీసినను ఇంజను ఏల ఆగలేదు?

బాలలారా! పెట్రోలు మండుటకు గాలి కావలెను. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 కిలోల గాలి పట్టును. పాత కార్లలో ఈ రెంటిని కలుపు సాధనము కార్బురేటరు. పిస్టను క్రిందికి దిగునపుడు గాలిని పీల్చును. ఆ గాలి కార్బురేటరులోని ఇరుకైన గొంతు గుండా వేగముగా పోవును. గాలి వేగము హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. అందుచే పెట్రోలు సన్నని రంధ్రము నుండి వెలువడి, తుంపరలై గాలిలో కలియును. గొంతు దాటిన పిదప థ్రాటిలు అను గుండ్రని పలక గలదు. యాక్సిలరేటరు నొక్కిన అది తెరచుకొనును. కాలు తీసిన దాదాపు మూసికొనును.

అపుడు గొంతులో గాలి మందగించును. అచటి రంధ్రము నుండి పెట్రోలు రాదు. కాని పలకకు ఆవల, ఇంజను వైపున, పీల్పు మిక్కిలి బలముగా నుండును. అందుచేత పెక్కు కార్బురేటరులలో అచటికి వేరుగా ఒక సన్నని దారి నేర్పరచిరి. ఆ దారిన వచ్చు కొద్దిపాటి పెట్రోలు, గాలియే ఇంజనును ఆగకుండ కాపాడును.

దీనిని సవరించుటకు రెండు స్క్రూలుండును. ఒకటి పలకను పూర్తిగా మూసికొననీయక వేగమును నిలుపును. రెండవది పెట్రోలు, గాలి పాళ్లను సరిచేయును. పెట్రోలు చాలనిచో ఇంజను వణకి ఆగిపోవును. రాత్రివేళ అడవిబాటలో ఆగినచో ఎంత యిబ్బంది! పెట్రోలు మితిమీరినచో నల్లని పొగ వచ్చును, ప్లగ్గులకు మసి పట్టును. కనుక ఇంజను వేడెక్కిన పిదపనే వీనిని కొంచెము కొంచెముగా త్రిప్పి సవరింపవలెను.

మరియొక హెచ్చరిక. గాలి చాలక మండిన పెట్రోలు నుండి కార్బన్ మోనాక్సైడు అధికముగా పుట్టును. ఆ విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో ఇంజను నడుచుచుండగా ఎవరును ఉండరాదు, అది ప్రాణాపాయము.

నేటి కార్లలో ఈ పనిని కంప్యూటరు చేయుచున్నది. సాధనము మారినను సూత్రము మారలేదు: పని లేని వేళను గూడ ఇంజనునకు పెట్రోలు, గాలి తగుపాళ్లలో అందుచుండవలెను.