కుడికన్ను చూపులేని ఆటగాడు

చదువవలసిన వేదభాగములు: 1 కొరింథీ 12:14-26, 2 కొరింథీ 12:7-10



అపొస్తలుడైన పౌలు పరుగు పందెమును, ముష్టియుద్ధమును దృష్టాంతములుగా తీసికొని సంఘములకు బోధించెను. ఆ ధైర్యముతోనే మేమును ఈ నెల ఒక ఆటగాని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. అతని పేరు విల్లీ ఓ’రీ.

కెనడా దేశమున చలికాలమందు నదులు, చెరువులు గడ్డకట్టి బండవలె అగును. అచ్చటి పిల్లలు అడుగున ఇనుప అంచుగల జోళ్లు తొడిగికొని, ఆ మంచుమీద జారుచు, వంకీ కర్రలతో ఒక రబ్బరు బిళ్లను కొట్టుచు ఆడుదురు. దీనినే ఐస్ హాకీ అందురు. ప్రక్కకు ఆరుగురు ఆడుదురు. బిళ్ల 3 అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందము ఉండును. అది గట్టి రబ్బరు గనుక వేగముగా తగిలినయెడల ఎముక విరుగును.

విల్లీ 1935 అక్టోబరు 15న ఫ్రెడెరిక్టన్ పట్టణమున, 13 మంది సంతానముగల నల్లజాతి కుటుంబమున పుట్టెను. ఆ కాలమున ఈ ఆటలో పెద్దదైన నేషనల్ హాకీ లీగులో నల్లజాతివాడు ఒక్కడును లేడు. తాను అందులో ఆడవలెనని ఈ బాలుడు కోరుకొనెను. అయితే 1955-56 ఆటకాలమున ఆ బిళ్ల వచ్చి అతని కుడికంటికి తగిలెను. నూటికి 95 పాళ్లు చూపు పోయినదనియు, ఇక ఆడరాదనియు వైద్యుడు చెప్పెను. కొన్ని వారములకే అతడు తిరిగి మంచుమీదికి వచ్చెను. కనబడని దానిని మరచి కనబడు దానిమీద మనస్సు నిలుపవలెనని తనకు తాను చెప్పుకొంటినని తరువాత తెలిపెను.

1958 జనవరి 18న మాంట్రియల్ నగరమున, బాస్టన్ బ్రూయిన్స్ జట్టు పక్షమున అతడు ఆడెను. ఆ లీగులో ఆడిన మొదటి నల్లజాతివాడు అతడే. మొత్తము 45 ఆటలు ఆడి 4 గోలులు చేసెను. అనేక చోట్ల జనులు అతని రంగునుబట్టి దూషించిరి. ఆ మాటల బాధ మన గ్రామములలో అనేకులకు తెలియనిది కాదు. షికాగోలో ఒక ప్రత్యర్థి కర్రతో ముఖమున పొడువగా ముందుపళ్లు రెండు ఊడెను. విల్లీయు తన కర్రతో తిరిగి కొట్టెను. అతడు దోషములేనివాడని మేము చెప్పుట లేదు.

ఇదంతయు జరుగుచుండగా తన కంటి సంగతి అతడు జట్టువారికి చెప్పలేదు. ఒక కన్ను పోయినవానిని ఆడనియ్యరాదను నియమము ఆ లీగులో ఉండెను. చెప్పినయెడల చోటు పోవును. మేము ఈ దాపరికమును మెచ్చుకొనుట లేదు. అయితే అతనిని తప్పుపట్టుటకు ముందు మనలను మనము ప్రశ్నించుకొందము. మూర్ఛ వచ్చు కుమార్తెను, క్షయ సోకిన భర్తను, అక్షరము రాని సంగతిని మన సంఘములో ఎంతమంది దాచుకొనుచున్నారు? ఎందుకు? చెప్పినయెడల చోటు పోవునని కాదా? పౌలైతే తన ముల్లును సంఘమునకు వ్రాసి తెలిపెను. తెలిపినను త్రోసివేయబడనను నమ్మకము ఉన్నచోటనే మనుష్యుడు నోరు తెరచును.

1961 తరువాత అతనికి పెద్ద లీగులో చోటు దొరకలేదు. 1974 వరకు మరియొక నల్లజాతివాడును అందులో కనబడలేదు. విల్లీ చిన్న లీగులలో ఆడుచుండెను. అదివరకు అతడు ఎడమ అంచున ఆడువాడు. బిళ్ల కుడిప్రక్కనుండి వచ్చును. ఆ ప్రక్కనే చూపు లేదు. తల పూర్తిగా త్రిప్పవలసి వచ్చెడిది. లాస్ ఏంజలెస్ జట్టులో అతనిని కుడి అంచుకు మార్చిరి. ఇప్పుడు ఆట అంతయు మంచికంటి వైపున ఉండెను. ఆ పశ్చిమ లీగులో నాలుగు ఆటకాలములలో 30 గాని అంతకు మించి గాని గోలులు చేసెను. క్రొత్త కన్ను రాలేదు. తగిన స్థలము దొరికెను.

సహోదరులారా, పౌలు శరీరమునుగూర్చి చెప్పినది ఇదియే. బలహీనముగా కనబడు అవయవమును కోసివేయక, దాని స్థలమున దానిని గౌరవించవలెను. ముందునకు రాలేని సహోదరి రోగులయొద్ద కూర్చుండి ప్రార్థింపగలదు. చదువురాని ముసలివాడు సాక్ష్యము చెప్పగలడు. వారిని ఏ అంచున నిలిపితిమో పెద్దలైన మనము చూచుకొనవలెను.

విల్లీ 1979 వరకు ఆడెను. 1998 నుండి లీగు పక్షమున ఊరూర తిరిగి, పేదపిల్లలకును నల్లజాతి పిల్లలకును ఈ ఆట నేర్చుకొనుటకు ధైర్యము చెప్పెను. 2018లో హాకీ ప్రముఖుల మందిరమున అతని పేరు చేర్చిరి. 2022 జనవరి 18న, అనగా మొదటి ఆటకు సరిగా 64 ఏండ్లకు, బాస్టన్ జట్టు అతని 22వ సంఖ్య చొక్కాను మరెవ్వరికిని ఇయ్యకుండ గౌరవముగా పైకెత్తెను. అదివరకు తలుపు మూసికొన్న ఆట, ఆలస్యముగానైనను అతనిని ఘనపరచెను. ప్రభువు సంఘము అంత ఆలస్యము చేయతగునా?

కూటములో ఆలోచించుటకు:
1. మన సంఘములో తన బలహీనతను భయముచేత దాచుకొనువాడు మనయొద్దకు వచ్చి చెప్పగలడా?
2. ఎవరిని మనము తగని స్థలమున నిలిపి, చేతకానివారని అనుచున్నాము?

ప్రార్థన: ప్రభువా, మా లోపములను నీవు ఎరిగియు మమ్మును త్రోసివేయలేదు. మేమును ఒకరినొకరు అట్లే చేర్చుకొనుటకు మాకు కృప దయచేయుము. ఆమేన్.