స్కానింగులో ఏమీ లేదన్నారు, ఫిట్స్ ఆగలేదు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా ఫిట్స్. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టుందంటాడు, తర్వాత శూన్యంలోకి చూస్తూ నోరు చప్పరిస్తాడు. రెండు రకాల మందులు వాడినా తగ్గలేదు. ఎం.ఆర్.ఐ.లో ఏమీ లేదన్నారు. ఆపరేషన్ ఉందంటున్నారు, నిజమేనా?
- ఒక తల్లి, పలాస

జవాబు: నిజమేనమ్మా. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా లొంగకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. ఎనిమిదేళ్లు చాలా ఎక్కువ కాలం.

మీరు చెప్పిన లక్షణాలు కణత వెనకుండే టెంపొరల్ భాగాన్ని అనుమానించేలా ఉన్నాయి. అక్కడ హిప్పోక్యాంపస్ అని చిటికెన వేలంత భాగం ఉంటుంది. అది ఒకవైపు కుంచించుకుపోయి గట్టిపడితే మామూలు స్కానింగులో తప్పిపోవచ్చు. 3 టెస్లా యంత్రంపై, మూర్ఛ కోసమే నిర్దేశించిన పద్ధతిలో పలుచని పొరలుగా తీయించి, అనుభవమున్నవారికి చూపించాలి. అప్పటికీ తేలకపోతే పెట్ స్కాన్ ఉంది: ఫిట్ లేని వేళ జబ్బున్న చోటు గ్లూకోజును తక్కువగా వాడుకుంటుంది. వీడియో ఈఈజీ కూడా అదే చోటును చూపితేనే కత్తి పట్టేది. మాటకూ జ్ఞాపకానికీ దెబ్బ తగలకుండా ముందే పరీక్షిస్తారు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 18 ఏళ్లలోపు 116 మందిపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది తర్వాత ఆపరేషనైన వారిలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు; మందులతోనే ఉన్నవారిలో 7 శాతానికే. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రలో ఈ చికిత్స ఉంది.

ఈసారి ఫిట్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఫోనులో వీడియో తీయండి. డాక్టరుకు అదెంతో విలువైనది. మందులు ఒక్క పూటైనా మానొద్దు. జీడి బట్టీల దగ్గరికీ, బావి గట్టుకీ ఒంటరిగా పంపకండి.