కారు మీద గీత పడిందా? షెడ్డుకు పోయే ముందు ఇది చదవండి

రాత్రి ఇంటి ముందు నిలిపిన కారును పొద్దున చూస్తే, ముందు చక్రం పైనుంచి వెనక డోరు దాకా మేకుతో లాగిన గీత. పక్క అద్దం వైరుకు వేలాడుతూ ఉంటుంది. ప్రొద్దుటూరు పాత వీధుల్లో ఉండేవాళ్లకు ఇది ఎరగని సంగతి కాదు. ఉన్న జాగా అంతా ఇంటికే సరిపోతుంది, కారుకు వీధే దిక్కు. జమ్మలమడుగు, పులివెందుల సందుల్లోనూ అదే కథ. ఇలాంటప్పుడు అందరికీ తట్టే పని ఒకటే. తెలిసిన టింకరింగు షెడ్డుకు తోలుకుపోయి, పుట్టీ పెట్టించి, రంగు కొట్టించి, మనిషి మనిషికీ జవాబు చెప్పే బాధ లేకుండా చూసుకోవడం. ఆ పని రెండు రోజులు ఆపండి. గీతతో పాటు మీ సాక్ష్యం కూడా రంగు కింద కప్పబడిపోతుంది.

ముందు చట్టం సంగతి. ఒకరి ఆస్తిని కావాలని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద నేరం. 2024 జూలై 1కి ముందు ఐపీసీ 427 కింద 50 రూపాయల నష్టం దాటితే చాలు, రెండేళ్ల దాకా శిక్షకు వీలుండేది. 1860 నాటి లెక్క అది. కొత్త చట్టం ఆ మెట్లు మార్చింది. నష్టం 20,000 రూపాయల లోపైతే మామూలుగా ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 20,000 నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల దాకా. లక్ష, ఆపైన అయితే అయిదేళ్ల దాకా. కారుకు నిప్పు పెడితే అది వేరే సెక్షన్, 326. శిక్ష ఏడేళ్ల దాకా పోతుంది.

అంటే మీ కేసు ఏ మెట్టు మీద నిలబడుతుందో తేల్చేది చాలా మటుకు షెడ్డువాడు రాసిచ్చే ఎస్టిమేటు. తెల్ల కాగితం మీద పెన్సిలుతో వేసిన అంకెలు పనికిరావు. షెడ్డు పేరు, తేదీ, బండి నంబరు, ఏ డోరుకు ఎంత, ఏ అద్దానికి ఎంత, కూలీ ఎంత అని విడివిడిగా ఉన్న కాగితం తీసుకోండి. అంకె పెంచి రాయించుకోవాలని మాత్రం చూడకండి. రేపు కోర్టులో అడిగేది అసలు బిల్లునే.

ఇప్పుడు స్టేషను. చాలామంది మండిపడేది ఇక్కడే. "ఎవరి మీదన్నా అనుమానముందా అన్నా?" అని కానిస్టేబులు అడుగుతాడు, లేదంటే అర్జీ తీసుకుని పక్కన పెడతాడు, ఎఫ్ఐఆర్ కట్టడు. సగం సార్లు అది నిర్లక్ష్యమే. మిగతా సగం చట్టమే వాళ్ల చేతులు కట్టేసింది. లక్ష లోపు నష్టం నాన్ కాగ్నిజబుల్ నేరాల కిందికి వస్తుంది. మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు వాటిని దర్యాప్తు చేయకూడదు. అలాగని వెనక్కి పంపించే హక్కూ వాళ్లకు లేదు. భారతీయ నాగరిక సురక్ష సంహిత సెక్షన్ 174 ప్రకారం మీరు చెప్పింది రిజిస్టరులో రాసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకు పంపాలి. కాబట్టి ఎఫ్ఐఆర్ కోసం వాదన పెట్టుకునే బదులు, ఎంట్రీ నంబరు, తేదీ అడగండి. ఫిర్యాదు రెండో ప్రతి మీద స్టేషను ముద్ర వేయించుకోండి. దర్యాప్తు కావాలంటే వాటితో మీ ఊరి కోర్టులో లాయరు చేత అర్జీ వేయించి, సెక్షన్ 174 కింద ఆదేశం అడగండి.

లక్ష దాటితే, లేదా నిప్పు పెట్టడం లాంటి కాగ్నిజబుల్ నేరం కూడా కలిసి ఉంటే, సంగతి మారిపోతుంది. అప్పుడు ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ప్రతి ఉచితంగా ఇవ్వాల్సిందే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉండే నేరాల్లో మాత్రం, ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు పోలీసులకు ఉంది. కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. కడపలో సోమవారం అర్జీల వేదికలో ఇచ్చినా సరే. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు. ఏ స్టేషను పరిధి అన్నది తేలకపోయినా ఫిర్యాదు తీసుకోవాలి. ప్రొద్దుటూరులో వన్ టౌన్ వాళ్లు టూ టౌన్‌కు, వాళ్లు త్రీ టౌన్‌కు తిప్పుతుంటే, జీరో ఎఫ్ఐఆర్ అనే మాట గుర్తుపెట్టుకోండి. ఆ మాట పలికితే చాలా చోట్ల స్వరం తగ్గుతుంది.

"కావాలని" అన్న మాటకు చట్టంలో బరువుంది. దసరా రాత్రుల్లో ప్రొద్దుటూరు అమ్మవారిశాల చుట్టుపక్కల జనం తోసుకుంటూ పోతుంటే, ఎవరో తోపుడుబండి మీ డోరుకు రాసుకుపోయిందనుకోండి. అది నేరం కాదు. పిల్లల క్రికెట్ బంతి అద్దం పగలగొట్టినా అంతే. అక్కడ ఖర్చు రాబట్టుకోవడానికి సివిల్ దారి ఉంది, మూడేళ్ల గడువూ ఉంది. నా మటుకు నేను పదివేల ఖర్చు కోసం సివిల్ దావా వేయమని ఎవరికీ చెప్పను.

అనుమానం విషయంలో మన జిల్లావాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పాత పగలుంటే, పార్టీ తేడాలుంటే, మన నోట ముందుగా వచ్చేది ఎదుటివర్గం పేరే. చూడని మనిషి పేరు "వీడే చేసినాడు" అని ఫిర్యాదులో రాస్తే, అబద్ధమని తెలిసే రాశారని తేలిన రోజు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 248 కింద మీరే ముద్దాయి అవుతారు. "ఫలానా వాళ్లతో ఇటీవల ఈ గొడవ జరిగింది, ఈ కోణం కూడా చూడమని కోరుతున్నాను" అని రాయండి. అంతకుమించి ఒక్క అక్షరం వద్దు.

సాక్ష్యం కోసం సీసీ కెమెరాలు వెతికేటప్పుడు తొందరపడాల్సిందే. బంగారు అంగళ్ల ఊరు గనక ప్రొద్దుటూరు బజారులో కెమెరాలకు కొదవ లేదు. అయితే డీవీఆర్ పెట్టె కొన్ని రోజులకు పాత రికార్డు చెరిపేసి దాని మీదే కొత్తది ఎక్కించుకుంటుంది. అంగడి యజమానిని ఆ రోజే అడిగి, ఆ భాగం పెన్‌డ్రైవులోకి ఎక్కించి పెట్టమనండి. ఆయన ఇవ్వనంటే గొడవ పడొద్దు, కెమెరా ఎక్కడుందో ఫిర్యాదులో రాయండి, దర్యాప్తు మొదలైతే పోలీసులకు తెప్పించుకునే అధికారం ఉంది. కోర్టులో ఆ వీడియో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. వాట్సాప్‌లో తిరిగిన క్లిప్పు సరిపోదు.

బీమా సంగతికొద్దాం. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ గీతకు రూపాయి రాదు. చట్టం తప్పనిసరి చేసింది ఎదుటివాడికి జరిగే నష్టానికి మాత్రమే. ఓన్ డ్యామేజీ కవరు ఉంటేనే దుర్బుద్ధితో చేసిన నష్టానికి, అల్లర్లలో జరిగిన నష్టానికి పరిహారం వస్తుంది. ఆ పాలసీలోనే ఒక షరతు ఉంటుంది: నేరం వల్ల నష్టం జరిగితే వెంటనే పోలీసులకు చెప్పాలి, కంపెనీకి తెలపాలి. స్టేషను ముద్ర ఇక్కడా అక్కరకొస్తుంది. కొన్ని చోట్ల ఏజెంటు "ఎఫ్ఐఆర్ ఉంటేనే" అంటాడు. ఇరవై వేల నష్టానికి పోలీసులు తమంతట ఎఫ్ఐఆర్ కట్టే వీలే లేదని చెప్పి, ఎంట్రీ వివరాలు రాతపూర్వకంగా పంపండి. సర్వేయరు చూసేదాకా షెడ్డులో సుత్తి ఆడకూడదు. "గోడకు తగిలిందని చెప్పండి, తేలిగ్గా పాస్ అవుతుంది" అని షెడ్డులో సలహా ఇస్తారు, నమ్మొద్దు. అబద్ధపు కారణం చెప్పిన క్లెయిమును కొట్టేయడానికి కంపెనీకి దానికంటే మంచి సాకు దొరకదు.

అసలు క్లెయిము చేయాలా వద్దా? కాగితం మీద లెక్క వేయండి. రెండు డోర్లకు రంగు బిల్లు 12,000 అనుకుందాం. అందులో నాలుగో వంతు, 3,000, రంగు సామాను కింద లెక్కగట్టి, దాని మీద సగం తరుగు తీస్తారు. అక్కడ 1,500 పోయింది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మీరు భరించాల్సింది 1,000. చేతికొచ్చేది 9,500. ఇంతకాలం క్లెయిము లేకుండా 50 శాతం నో క్లెయిమ్ బోనస్‌కు చేరుకున్నవాళ్లు, ఓన్ డ్యామేజీ ప్రీమియం 10,000 అయితే, వచ్చే ఏడు 5,000కు బదులు 10,000 కడతారు. తర్వాత రాయితీ 20, 25, 35, 45 శాతం మెట్లెక్కి మళ్లీ 50కి చేరేసరికి, ప్రీమియం మారదనుకుంటే, పోయేది మొత్తం 12,500. బోనస్ రక్షణ కవరు కొన్నవాళ్లకు, మొదటి ఏడాది పాలసీవాళ్లకు ఈ లెక్క వేరు. అద్దాలన్నీ పగిలిన సందర్భం వేరు, గాజుకు తరుగు తీయరు కాబట్టి అప్పుడు క్లెయిము చేయడమే లాభం. ఏం తేల్చుకున్నా ఫిర్యాదు మాత్రం చేసే ఉండండి.

సమాచారం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కంపెనీ తిరస్కరిస్తే భయపడొద్దు. 2020లో గురుషిందర్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, పోలీసులకు వెంటనే చెప్పిన మనిషి కంపెనీకి ఆలస్యంగా చెప్పాడని క్లెయిము కొట్టేయకూడదని తేల్చింది. అది దొంగతనం కేసే అయినా వాదన మీకూ పనికొస్తుంది. ముందు కంపెనీకి రాసి, నెల చూసి, జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పంపండి, రుసుము లేదు. కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ పోవచ్చు. అక్కడ గడువు రెండేళ్లు.

గుంపు చేసిన నష్టానికి మరో దారి ఉంది. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక రోజుల్లో వాహనాలు ధ్వంసమైన వార్తలు చదివాం. 2009 ఏప్రిల్ 16న సుప్రీంకోర్టు, మన ఆంధ్రప్రదేశ్ పేరుతోనే ఉన్న కేసులో, ఆందోళనల్లో పెద్దఎత్తున ఆస్తి నష్టం జరిగితే హైకోర్టు తనంతట తానే క్లెయిమ్స్ కమిషనర్‌ను పెట్టించి, చేసినవాళ్ల నుంచీ నిర్వాహకుల నుంచీ రాబట్టవచ్చని మార్గదర్శకాలిచ్చింది. ఒక్క కారుకు అది కదలదు, నిజమే. అయితే అలాంటి రోజు వచ్చినప్పుడు పరిహారం అందేది ముద్రపడిన ఫిర్యాదు, ఫొటోలు, ఎస్టిమేటు చేతిలో ఉన్నవాళ్లకే.

గండికోట చూడ్డానికొచ్చి జమ్మలమడుగు లాడ్జిలో దిగినవాళ్లకు ఒక మాట. తాళం చెవి లాడ్జివాళ్ల చేతికిచ్చి నిలిపించిన కారుకు వాళ్ల నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే వాళ్లే బాధ్యులు. "యజమాని బాధ్యత" అని చీటీ మీద అచ్చువేసినంత మాత్రాన తప్పించుకోలేరని 2019లో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాళం మీ జేబులోనే ఉంటే ఆ వాదన నిలవదు.

చివరికి చేసినవాడు దొరికితే, మన ఊళ్లలో పెద్దలు కూర్చుని రాజీ చేయిస్తారు. మామూలు మనిషి ఆస్తికే జరిగిన చిన్న నష్టాల్లో రాజీకి చట్టమూ ఒప్పుకుంటుంది. లోక్ అదాలత్‌లో చేసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం. లాయరు ఖర్చు భరించలేనివాళ్లు 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవా సంస్థ వాళ్లు దారి చూపిస్తారు. ఒక్క చిక్కు ఉంది, డబ్బు చేతికి తీసుకునే ముందు తెలుసుకోండి. బీమా కంపెనీ మీకు డబ్బు చెల్లించాక, ఆ మేరకు చేసినవాడి దగ్గర రాబట్టే హక్కు కంపెనీది. రెండు చోట్లా తీసుకుంటే కంపెనీ మిమ్మల్ని అడుగుతుంది. రాజీలో మీరు అడగదగింది బీమా ఇవ్వని తరుగు, మీరు భరించిన 1,000, షెడ్డులో కారున్నన్నాళ్లు ఆటోలకు పెట్టిన ఖర్చు. ఈ అంకెలన్నీ విడివిడిగా రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి.