కళాఖండం, దాని కథ, దాని కాపరి
(సంగ్రహాలయ నిర్వాహకుని వృత్తి – జగదీశ్ మిట్టల్ జీవితం నేర్పే పాఠాలు)

చదువు ముగిసిన పిదప ఏమి కాదలచితిరని విద్యార్థులను అడిగితే డాక్టరు, ఇంజనీరు, ఉపాధ్యాయుడు, వ్యాపారి అనే సమాధానాలు వినవస్తాయి. కళా ప్రదర్శనశాల నడుపుతామనిగాని, సంగ్రహాలయంలో క్యూరేటరు అవుతామనిగాని చెప్పినవారు మాకింతవరకు తారసపడలేదు. అటువంటి వృత్తి ఒకటున్నదని చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడ అది నవాబులకు, లక్షాధికారులకు తగిన కాలక్షేపమని భావిస్తారు. ఈ అభిప్రాయం సరికాదని నిరూపించిన ఒక జీవితాన్ని విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసోద్దేశం. ఆ జీవితానికి మన ఓరుగల్లు ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉండడం మరొక కారణం.

గ్యాలరీ యజమాని – క్యూరేటరు

ముందుగా ఈ రెండు మాటలకు గల భేదాన్ని గ్రహించాలి. గ్యాలరీ యజమాని కళాకారుల కృతులను ఎంపిక చేసి, ప్రదర్శించి, కొనుగోలుదారులకు పరిచయం చేస్తాడు. అమ్మిన ధరలో ఒక భాగం అతనికి, మిగిలినది కళాకారునికి చెందుతుంది. క్యూరేటరు పని వేరు. లాటిన్ భాషలో ‘సంరక్షించుట’ అనే అర్థం గల ధాతువునుండి పుట్టినదీ పదం. ఒక వస్తువు ఎక్కడిది, ఏ కాలానిది, ఎవరు చేశారు, ఎవరి చేతులు మారింది అని పరిశోధించడం, దానిని చెడిపోకుండ కాపాడడం, చూడవచ్చినవారికి దాని అర్థం తెలిసేటట్లు అమర్చడం అతని ధర్మం. మొదటివాడు కళకు బజారును చూపిస్తాడు. రెండవవాడు కళకు జ్ఞాపకాన్ని ఇస్తాడు. ఈ రెండు శక్తులు ఒకే మనిషిలో, అనగా ఏది కొనదగినదో ఎరిగిన కన్ను, కొన్నదానిని శాస్త్రీయంగా కాపాడే ఓర్పు, కలియడం అరుదు. కలిసినప్పుడే గొప్ప సంగ్రహాలయం పుడుతుంది.

1951వ సంవత్సరం

హైదరాబాదు కళాచరిత్రలో 1951 గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఏడు డిసెంబరు 16న పండిత జవహర్లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ మ్యూజియమును ప్రారంభించారు. మూడవ సాలార్‌జంగ్, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949), తన సంపదను వెచ్చించి దేశదేశాలనుండి తెప్పించిన వస్తువులవి. అది ఒక ప్రభువు సేకరణ.

అదే సంవత్సరం ఒక యువ చిత్రకారుడు హైదరాబాదు చేరాడు. అతని వెంట జాగీరు లేదు, ఖజానా లేదు. ఆయనే జగదీశ్ మిట్టల్. 1925లో ఉత్తరప్రదేశ్‌లో జన్మించి, శాంతినికేతనంలోని కళాభవనంలో నందలాల్ బోస్ వంటి గురువుల వద్ద చిత్రకళ అభ్యసించారు. సతీమణి కమలా మిట్టల్ కూడ అక్కడ చదివిన చిత్రకారిణియే. హైదరాబాదుకు వారిని ఆహ్వానించినవారు బద్రీవిశాల్ పిత్తీ. పిత్తీ గారు నెలకొల్పిన ‘కల్పన’ అనే హిందీ సాహిత్య పత్రికలో మిట్టల్ కళావిభాగపు బాధ్యత నిర్వహించారు. కొద్దికాలం ఉండి పోదామని వచ్చినవారికైనా ఈ నగరం విడిచిపోవడం సులభం కాదేమో. మిట్టల్ దంపతులు ఇక్కడే స్థిరపడినారు.

చూచే కన్ను

ఆ రోజులను ఒకమారు ఊహించుకోవాలి. 1949లో జాగీర్ల రద్దు జరిగింది. తరతరాలుగా దేవిడీలలో భద్రంగా ఉన్న వస్తువులు ఒక్కొక్కటే బజారుకు వచ్చాయి. వెండి తీగ పొదిగిన బిద్రీ పాత్రలు, కలంకారీ గుడ్డలు, సూక్ష్మచిత్రాలు, చేవ్రాత ప్రతులు తుక్కు సామాను మధ్య చేరాయి. జరీ వస్త్రాలను కాల్చి, అందులోని వెండిని మాత్రం తూకానికి అమ్మడం ఆనాడు సామాన్య విషయం. లోకం తూకం చూచినచోట మిట్టల్ దంపతులు పనితనం చూచారు. పరిమితమైన సంపాదనలోనుండి మిగిల్చుకుని, ఒక్కొక్కటిగా కొన్నారు. ఎక్కువ కొనడం వారి ఆశయం కాదు. మంచిది కొనడమే వారి ఆశయం. దాదాపు అర్ధశతాబ్ది కృషి అనంతరం కూడ వారి సంగ్రహం సుమారు రెండువేల వస్తువులకు మించలేదు. అయినను దక్కను చిత్రాలను గురించి, బిద్రీ పనిని గురించి పరిశోధించేవారెవరూ ఆ సంగ్రహాన్ని విస్మరించలేరు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 1985లో భారతీయ కళపైనను, 2015లో దక్కను సుల్తానుల కళపైనను ఏర్పాటు చేసిన మహాప్రదర్శనలకు ఇక్కడినుండి వస్తువులు వెళ్లాయి.

ఆ చూపునకు ఒక ఉదాహరణ తేలియా రుమాలు. నూలును నూనె, బూడిద కలిపిన నీటిలో నానబెట్టి, ముడులు వేసి రంగులద్ది నేసే ఈ గుడ్డ చీరాలలో పుట్టి పోచంపల్లి ప్రాంతానికి వచ్చింది. మనవారు తలకు చుట్టుకున్నారు, భుజాన వేసుకున్నారు, చినిగిన పిదప పారవేశారు. సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు కూడ అది ఎగుమతి అయింది. ఇంత ప్రయాణం చేసిన గుడ్డను గురించి 1962లో ‘మార్గ్’ పత్రికలో వ్యాసం వ్రాసి విద్వాంసుల దృష్టికి తెచ్చినవారు మిట్టల్. రోజూ కంటబడే వస్తువును కొత్తగా చూడగలగడమే ఈ వృత్తికి ప్రథమ పాఠం.

మన జిల్లా పటం

ఇక మన ప్రాంతపు విషయం. పూర్వపు వరంగల్ జిల్లాలోని చేర్యాల (2016నుండి సిద్దిపేట జిల్లాలోనిది) నకాశీ కుటుంబాలకు నెలవు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, గంజి, సుద్ద పట్టించి, ఎర్రని నేలపై బొమ్మలు దిద్దుతారు. గజం వెడల్పు, పది గజాలకు మించిన పొడవు గల పటం సిద్ధమవుతుంది. దానిని విప్పుతూ, బొమ్మ తరువాత బొమ్మను కర్రతో చూపుతూ కథకులు రాత్రులు పాడుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు డక్కలివారు. ముదిరాజులకు కాకి పడగలవారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పటం, ఒక్కొక్క గాయకుడు. చదువు రానివారికి అదే గ్రంథాలయం.

పటం జీర్ణమైతే కథకుడు ఏమి చేసేవాడు? పూజ చేసి నీటిలో విడిచేవాడు. అది అతనికి దైవం. దైవాన్ని చెత్తలో వేయరాదు. కొత్త పటానికి నకాశీకి చెప్పేవాడు. ఆచారం ఎంత ఉదాత్తమైనదో చరిత్రకారునికి అంత నష్టకరమైనది. పాత పటాలు మనకు అరుదుగా లభించడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ అరుదైనవాటిలో కొన్ని మిట్టల్ సంగ్రహంలో చేరాయి. వాటిపై ఆయన వ్రాసిన దక్కను పటచిత్రాల గ్రంథం 2014లో, ఆయన తొంభయ్యవ పడికి చేరువైన కాలంలో, వెలువడింది. మన పల్లెల్లో పాడిన కథల బొమ్మలు నేడు పండితులకు దొరుకుతున్నవంటే ఆ వృద్ధుని శ్రమయే కారణమని చెప్పాలి.

ఇక్కడొక న్యాయమైన ప్రశ్న ఉన్నది. గాయకునినుండి విడిపోయి అద్దాల వెనుక వ్రేలాడే పటం సగం పటమే కాదా? నిజమే. గుడ్డ నిలిచింది, పాట జారిపోయింది. సంగ్రహాలయం పాటను పెట్టెలో పెట్టలేదు. కాని పటమే లేకపోతే ఆ పాట ఒకటుండేదని అడిగేవాడు కూడ ఉండడు. కనుక దోషం కాపాడినవానిది కాదు. పాటను వ్రాసిపెట్టుకోని మనది.

కాపాడే విధానం

సేకరించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరొక ఎత్తు. కాగితానికి, గుడ్డకు వెలుతురే ప్రథమ శత్రువు. అందువలన సంగ్రహాలయాలలో వాటిపై పడే కాంతిని సుమారు 50 లక్స్‌కు పరిమితం చేస్తారు. మ్యూజియం గదులు మసకగా ఉండడానికి కారణమిదే. తేమ హెచ్చుతగ్గులైతే రంగు పొరలు లేస్తాయి, బూజు పడుతుంది. బిద్రీ పాత్రలో అధికభాగం తుత్తునాగం, కొంచెం రాగి. దాని నలుపు మురికి కాదు, బీదరు కోట మట్టితో తెప్పించిన వన్నె. తెలియనివారు చింతపండుతో తోమితే ఆ వన్నె చెడుతుంది.

న్యాయశాస్త్రం కూడ కొంత తెలియాలి. 1972నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ గల వ్రాతప్రతికి డెబ్బది అయిదేళ్లు చాలును. ప్రైవేటు వ్యక్తులు వీటిని విదేశాలకు పంపరాదు. లైసెన్సు లేనిదే వ్యాపారం చేయరాదు. విగ్రహాలు, చిత్రాలు మొదలైన కొన్ని తరగతులను ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి.

అదే 1976లో మిట్టల్ దంపతులు తమ సంగ్రహాన్ని ట్రస్టుకు అప్పగించి, జగదీశ్–కమలా మిట్టల్ భారతీయ కళా సంగ్రహాలయాన్ని స్థాపించారు. అమ్ముకుంటే కోట్లు రాగల ఆస్తిని ప్రజలకు వదిలినారు. 1990లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. 2025 జనవరిలో, తొంభైతొమ్మిదేళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. యజమాని వెళ్లిపోయినను వస్తువులు చెల్లాచెదురు కాలేదు. ఈ వృత్తిలో కడపటి పాఠం ఇది: సేకరించినది తనది కాదని తెలుసుకోవడం.

విద్యార్థులకు మనవి

మాకు తెలిసిన ఒక ఇంటిలో తాతలనాటి హుక్కా పాత్ర ఉండేది. నల్లగా, బరువుగా ఉండేది. అటక శుభ్రం చేసిన రోజున ఇనుప తుక్కుతోబాటు తూకానికి పోయింది. దాని అడుగున ఉర్దూ అక్షరాలలో ఒక పేరు చెక్కి ఉన్నదని ఆ ఇంటి పెద్దామె తరువాత చెప్పారు. ఆ పేరు చేసినవానిదో, చేయించినవానిదో! ఇంట్లో చదువుకున్నవారు నలుగురున్నారు. ఒక్కరూ దానిని కాగితంపై ఎక్కించలేదు. పాత్ర పోయినందుకంటె ఆ పేరు పోయినందుకే మాకు ఎక్కువ బాధ కలిగింది.

కనుక మా కోరిక చిన్నది. రానున్న సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటిలోనో, ఊరిలోనో ఉన్న ఒక్క పాత వస్తువును ఎంచుకుని ఈ అయిదు విషయాలు వ్రాయాలి.

1. వస్తువు పేరు – ఇంటివారు పిలిచే పేరే వ్రాయాలి.
2. కొలతలు, దేనితో చేసినది, ఎంత పాడైనది.
3. దానిపై గల వ్రాత – ఏ లిపిలో ఉంటే ఆ లిపిలోనే ఉన్నదున్నట్లు.
4. ఎవరినుండి ఎవరికి వచ్చింది.
5. దానిని వాడే విధానం, దానికి సంబంధించిన పాట లేక కథ.

సంగ్రహాలయపు పట్టీ పుస్తకంలో ఉండేవి ముఖ్యంగా ఇవే. దీనికి ధనం అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలును. మన విద్యార్థులకు ఇతరులకు లేని ఒక సౌకర్యం కూడ ఉన్నది. పటం కథ తెలుగులో ఉన్నది. పాత్ర అడుగున పేరు, ఫర్మానుపై ముద్ర, చిత్రం వెనుక గుర్తు ఉర్దూ లిపి ఎరిగినవానికి అందుతాయి. పక్కపక్క బల్లలపై కూర్చునే ఇద్దరు విద్యార్థులు కలిస్తే చాలు, దక్కను చరిత్రలో సగం చదువవచ్చును. ఓరుగల్లు కోటలోని ఖుష్ మహల్‌ను చూడండి. ముస్లిం వాస్తురీతిలో కట్టిన ఆ మందిరం కప్పు క్రిందనే కోటలో దొరికిన కాకతీయ శిల్పాలు తలదాచుకున్నాయి. ఒకరి ఇంటిలో మరొకరి వస్తువు భద్రంగా ఉండడం ఈ నేలకు కొత్త కాదు.

ఈ వృత్తిని చేపట్టదలచినవారికి బరోడా విశ్వవిద్యాలయంలో 1952నుండి మ్యూజియాలజీ శాఖ ఉన్నది. అందరూ క్యూరేటర్లు కానక్కరలేదు. అయితే ఇంటి అటక ఎక్కేముందు ఒక కాగితం, ఒక కలం వెంట తీసుకుపోవడం అందరికీ సాధ్యమే. వచ్చిన వ్రాతలను కళాశాల గ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము.