గాలి జమ అయితేనే నీటి చెల్లింపు

20 లీటర్ల నీళ్ల క్యాను డిస్పెన్సర్ మీద బోర్లిస్తే కాసేపు గుడగుడమని ఆగిపోతుంది. మూతి తెరిచే ఉన్నా నీరంతా ఎందుకు పొంగిపోదు? నేను చదివింది మేనేజ్‌మెంట్ కాబట్టి లెడ్జర్ భాషలోనే చెబుతాను: గట్టి పాత్రలో నీరు ఎంత ఖర్చయితే, అంత గాలి జమ కావాలి.

పిల్లలతో ఈ ప్రయోగం చేయించండి. గట్టి ప్లాస్టిక్ లీటరు సీసాకు అడుగు దగ్గర సూదితో చిన్న రంధ్రం చేసి, ముప్పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించండి. ధార మొదలై కాసేపట్లో ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్లీ కారుతుంది.

లెక్క చూద్దాం. టారిచెల్లి 1643లో చూపినట్టు, వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుంది. పాదరసం నీటికి 13.6 రెట్లు బరువు కనుక, నీరైతే సుమారు 10.3 మీటర్లు. మన సీసాలో నీటి ఎత్తు 20 సెంటీమీటర్లు, అంటే అందులో 2 శాతం. లోపలి గాలి పీడనం 2 శాతం తగ్గితే లోపలి గాలి, నీటి బరువు కలిసి బయటి గాలికి సరితూగుతాయి. 250 మిల్లీలీటర్ల గాలి 2 శాతం వ్యాకోచించడానికి 5 మిల్లీలీటర్ల నీరు, ఒక చెంచాడు, కారితే చాలు. సీసా మెత్తనిదైతే గోడలు లోపలికి నొక్కుకుని మరికొంత కారుతుంది.

క్యాను సంగతీ ఇంతే. కింది తొట్టిలో నీరు మూతి కన్నా దిగితేనే గాలి బుడగ లోపలికి వెళ్తుంది, నీరు దిగుతుంది. క్యాను పైభాగంలో వెంట్రుకంత పగులున్నా గాలి ఆగకుండా చేరి, తొట్టి పొంగి నేలంతా తడుస్తుంది. మెకానిక్‌ను పిలిచే ముందు క్యాను మార్చి చూడండి.

ఈ పాఠం ఆసుపత్రిలో మరింత అవసరం. గట్టి సెలైన్ సీసాకు గాలి దారి కావాలి. దానికి వడపోత ఉండాలి. మెత్తని సంచి మాత్రం ఖాళీ అవుతున్న కొద్దీ తానే నలుగుతుంది, గాలి అక్కర్లేదు. చుక్కలు ఆగాయని దానికి సూది గుచ్చమని అడగకండి. వడపోత లేని గాలితో క్రిములూ లోపలికి పోవచ్చు. గొట్టం మెలిపడిందా, సూది ఉన్నచోట చెయ్యి వాచిందా చూసి, వెంటనే నర్సుకు చెప్పండి.