పై చదువుకు పరదేశం – డబ్బు ఎక్కడి నుండి?



డిగ్రీ చేతికి రాగానే ఎం.ఎస్. కోసం విదేశాలకు వెళ్ళాలనే మాట ఇప్పుడు మన విచారణల్లో ప్రతి వీధిలోనూ వినిపిస్తోంది. ఆ వెంటనే ఎకరం పొలమో, కొబ్బరి తోటో, తల్లి మెడలోని బంగారమో బేరానికి వస్తున్నది. అమ్మే ముందు ఈ పాఠాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి.

మన గోదావరి వారికి ఈ సమస్య కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో చదవడానికి 1920ల మొదట్లో అమెరికా వెళ్ళారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. మామగారు కొంత డబ్బు సమకూర్చారు. అక్కడ ఆసుపత్రిలో చిన్న కొలువు చేసుకుంటూ ఆయన చదువు సాగించారు. 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి నేటికీ వారిద్దరి పేర్లతోనే ఉన్నది. దానం, బంధువుల సాయం, సొంత కష్టం – మూడూ కలిస్తేనే ఆ ప్రయాణం సాగింది. మీరూ ఒకే దారిని నమ్ముకోకండి.

మొదటిది, తిరిగి చెల్లించనక్కరలేని డబ్బు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చదువుకు చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఉన్నది. దానికి రెండేళ్ళ ఉద్యోగానుభవం కావాలి. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉన్నది. దానికి మూడేళ్ళ అనుభవం అడుగుతారు. యూరప్ దేశాలకు ఎరాస్మస్ ముండుస్, జర్మనీకి డి.ఎ.ఎ.డి. ఉన్నాయి. కనుక డిగ్రీ కాగానే విమానం ఎక్కాలనే తొందర వద్దు. రెండు మూడేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసినవారికి తెరుచుకునే తలుపులు ఎక్కువ.

ఇక్కడ మన కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ ప్రధానంగా ఎస్.సి. విద్యార్థులది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు ఎస్.సి.లుగా లెక్కకు రారు. ఎస్.సి. నుండి క్రైస్తవులైన వారిని, వారి సంతతిని మన రాష్ట్రంలో బి.సి.-సి.గా గుర్తిస్తారు. ఇది అన్యాయమని మనకు ఎంత బాధ ఉన్నా, దరఖాస్తులో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాయాలి. తప్పుడు సర్టిఫికెట్ బయటపడితే డబ్బుతో పాటు పిల్లవాని భవిష్యత్తూ పోతుంది. ఎస్.టి. హోదాకు మాత్రం మతంతో సంబంధం లేదు. ఏజెన్సీ గ్రామాల్లోని మన గిరిజన క్రైస్తవ బిడ్డలు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్‌కు నిశ్చింతగా దరఖాస్తు చేయవచ్చు.

మైనారిటీ విద్యార్థుల రుణాలకు వడ్డీ భరించిన ‘పఢో పర్‌దేశ్’ పథకాన్ని కేంద్రం 2022-23 నుండి ఆపివేసింది. ఇంకా ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రాష్ట్ర పథకాల పేర్లు, నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. విన్నమాటను పట్టుకోక, జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి స్వయంగా అడగండి.

రెండవది, చదువుతూ సంపాదించే డబ్బు. అమెరికాలో పిహెచ్.డి. విద్యార్థులకు చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో పని ఇచ్చి జీతమిస్తారు. మాస్టర్స్ వారికి ఇది అరుదు. క్యాంపస్‌లో పని కూడా చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించరాదు. కనుక అక్కడికి వెళ్ళాక ఫీజు సంపాదించుకుంటాడులే అని లెక్క వేయకండి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. అయితే ఏడాది ఖర్చును ముందే బ్యాంకు ఖాతాలో చూపాలి. 2024 సెప్టెంబరు నుండి ఆ మొత్తం 11,904 యూరోలు.

మూడవది, అప్పు. ఉదాహరణకు 30 లక్షలు 11 శాతం వడ్డీకి మొదటే మొత్తంగా తీసుకున్నారనుకోండి. ఏడాదికి వడ్డీ 3 లక్షల 30 వేలు. రెండేళ్ళ చదువు, ఒక ఏడాది గడువు ముగిసేసరికి బారువడ్డీయే 9 లక్షల 90 వేలవుతుంది. అంటే మొదటి వాయిదా కట్టేనాటికే అప్పు దాదాపు 40 లక్షలు. ఉద్యోగం ఆలస్యమైతే ఎవరు కడతారు? తాకట్టు పెట్టిన ఇల్లు ఎవరిది? చెల్లెలి చదువు మాటేమిటి? ఈ ప్రశ్నలు సంతకానికి ముందే వేసుకోండి. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాని ఉపమానం మనకు తెలిసినదే.

చివరగా ఒక హెచ్చరిక. చాలా కన్సల్టెన్సీలకు కాలేజీల నుండి కమీషన్ ముడుతుంది. వారు చూపినదే మంచి కాలేజీ అనుకోకండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ, 2019లో మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ వ్యవహారాల్లో చిక్కుకున్నవారిలో ఎందరో తెలుగు బిడ్డలే.

ప్రయాణానికి ఏడాదిన్నర ముందే మొదలుపెట్టండి. స్కాలర్‌షిప్‌ల గడువు తేదీలను గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టండి. పాఠం చెప్పిన అధ్యాపకులను సిఫారసు ఉత్తరాలు ముందుగానే అడగండి. ముందు స్కాలర్‌షిప్, తరువాత జీతం, ఆ తరువాతే అప్పు. పొలం అన్నిటికన్నా చివర. ఈ ఏడాది డబ్బు కుదరకపోతే వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించవచ్చు. అమ్మిన పొలం మాత్రం తిరిగి రాదు.