టికెట్టు కొంటూ ‘హ్యాండ్ లోన్’ అని రాస్తారా?

ఈ సీజన్‌లో నా బల్ల మీదకు వస్తున్న ఫైళ్లు పేర్లు మాత్రం మార్చి జిరాక్సు తీసినట్టున్నాయి. ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచో, గచ్చిబౌలిలో పాటల కచేరీయో ఉంటుంది. యాప్‌లో టికెట్లు పెట్టిన నిమిషాల్లో అయిపోతాయి. సాయంత్రానికల్లా టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ‘నా దగ్గర రెండు ఎక్స్‌ట్రా ఉన్నాయి బ్రో’ అంటూ ఎవరో తేలతారు. మనవాళ్లు రెండింతలో మూడింతలో పోసి కొంటారు. గేటు దగ్గర స్కానర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మర్నాడు పొద్దున్నే నా దగ్గరకు వచ్చి, ‘కన్స్యూమర్ కోర్టులో వేసేద్దాం మేడం, ఎమ్మార్పీ కంటే ఎక్కువ గుంజాడు’ అంటారు.

ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఎమ్మార్పీ నిబంధన ప్యాకెట్లలో కట్టి అమ్మే సరుకులకు. టికెట్టు ప్యాకెట్ సరుకు కాదు, లోపలికి వెళ్లి చూసేందుకు ఇచ్చిన అనుమతి. ఇక రెండోది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే అవతల ఒక వ్యాపారి ఉండాలి, అతనికి పేరూ చిరునామా ఉండాలి. టెలిగ్రామ్‌లో దొరికిన ‘బ్రో’ మీద కేసు వేయాలంటే నోటీసు ఏ ఇంటికి పంపమంటారు?

తాజాగా వచ్చిన కేసు చెబుతాను. మియాపూర్‌లో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భార్యనూ, మామగారినీ, బావమరిదినీ మ్యాచ్‌కు తీసుకెళ్తానని మాటిచ్చాడు. 2,500 రూపాయల టికెట్టు ఒక్కోటి 7,000 చొప్పున నాలుగు బేరమాడాడు. ముందు 10,000 అడ్వాన్సు, పీడీఎఫ్‌లు వచ్చాక 18,000. డబ్బు పంపేటప్పుడు ఫోన్‌లో కనిపించిన పేరు అమ్మేవాడిది కాదు, ఎవరో మహిళది. అడిగితే ‘మా అక్క అకౌంట్ అన్నా’ అన్నాడట. పైగా, ‘టికెట్ అని రాస్తే బ్యాంకువాళ్లు బ్లాక్ చేస్తారన్నా, హ్యాండ్ లోన్ అని కొట్టండి’ అన్నాడట. ఈయన అలాగే కొట్టాడు. రెండుసార్లూ!

గేటు దగ్గర నాలుగు టికెట్లకూ ‘ఇప్పటికే స్కాన్ అయింది’ అని వచ్చింది. అవే క్యూఆర్ కోడ్‌లు అంతకుముందే ఎవరో చూపించి లోపలికి వెళ్లిపోయారు. మామగారి ముందు తలదించుకుని పక్కకు వచ్చి టెలిగ్రామ్ తెరిస్తే చాట్ మొత్తం మాయం. అందులో ఒకరు కావాలనుకుంటే రెండు వైపులా సంభాషణ చెరిపేయొచ్చు. ఈ సంగతి మోసగాళ్లందరికీ తెలుసు, మోసపోయేవాళ్లకే తెలియదు.

అందుకే మొదటి హెచ్చరిక, మళ్లీ మళ్లీ చెప్పబోయే హెచ్చరిక కూడా ఇదే. యాప్ బయట, ఒక మనిషి సొంత ఖాతాకు డబ్బు పంపి టికెట్టు కొనకండి. ఎంత నమ్మకంగా మాట్లాడినా, పాత కస్టమర్ల మెచ్చుకోళ్ల స్క్రీన్‌షాట్లు ఎన్ని చూపించినా సరే.

కారణం చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. కానీ అది వ్యాపారం చేసేవాడికి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలైతే ఇంకా మంచివి. కొన్న తర్వాత మీరు రాతపూర్వకంగా అడిగితే, ఆన్‌లైన్ మార్కెట్ నడిపే సంస్థ అమ్మినవాడి చిరునామా, ఈ-మెయిల్ మీకు ఇచ్చి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అయితే ఇవే నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది. క్రమం తప్పకుండా వ్యాపారంగా కాకుండా, వ్యక్తిగతంగా ఏదో అమ్ముకునే మనిషికి ఇవి వర్తించవు. టెలిగ్రామ్‌లో మీకు అమ్మినవాడు రేపు కమిషన్ ముందు నిలబడి చెప్పేది అదే: ‘నాకు జ్వరం వచ్చి వెళ్లలేకపోయాను, ఉన్న టికెట్టు అమ్ముకున్నాను’. వాడు రోజూ ఇదే పనిలో ఉన్నాడని నిరూపించాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది.

మరి బ్లాక్‌లో అమ్మడం నేరం కాదా అని అడుగుతారు. రైలు టికెట్టయితే నేరమే. రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే మూడేళ్ల దాకా జైలు ఉంది. ఈ-టికెట్లకూ అది వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. మ్యాచ్‌లకూ కచేరీలకూ దేశం మొత్తానికి అలాంటి చట్టం లేదు. 2024 సెప్టెంబరులో నవీ ముంబయి కోల్డ్‌ప్లే కచేరీ టికెట్లను రీసేల్ సైట్లలో లక్షలకు పెట్టినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టింది. అక్టోబరులో ఈడీ ఐదు నగరాల్లో సోదాలు చేసింది. బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఇది చట్టసభలూ ప్రభుత్వమూ చూసుకోవాల్సిన విషయమంటూ 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది.

చట్టం చేసే అధికారం ఎవరిదో వెతుక్కునే పని కూడా లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో 33వ అంశం చదవండి. క్రీడలు, వినోదాలు అక్కడే ఉన్నాయి. 2022 సెప్టెంబరులో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి జనం ఆస్పత్రుల పాలయ్యారు. ఆ వారమంతా నాయకులు టీవీల్లో మాట్లాడారు. తర్వాత అందరూ మర్చిపోయారు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం టికెట్టు తిరిగి అమ్మేవాడు సీటు ఎక్కడో, అసలు ధర ఎంతో ముందే చెప్పాలి. మన దగ్గర ఆ మాత్రం రూలు పెట్టడానికి ఎవరి చేతులు కట్టేశారో నాకు అర్థం కాదు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోవాల్సిన పనీ లేదు. నిజమైన టికెట్టును ఎక్కువ ధరకు అమ్మడం ఒక్కటే చీటింగ్ అనిపించుకోకపోవచ్చు. ఒకే క్యూఆర్‌ను నలుగురికి అమ్మితే మాత్రం ముమ్మాటికీ చీటింగే. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నకిలీ పీడీఎఫ్ తయారుచేస్తే ఫోర్జరీ అదనం.

ఇక్కడే మన పోలీస్ స్టేషన్ల తీరు చూడాలి. నా క్లయింటు వెళ్తే అక్కడి అధికారి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి, ‘హ్యాండ్ లోన్ అని మీరే రాశారు కదా, చేబదులు ఇచ్చుకుని మా మీద పడితే ఎలా? సివిల్ కోర్టుకు వెళ్లండి’ అని పంపేశాడు. అంతకుముందు నా క్లయింటే కన్స్యూమర్ కమిషన్ ఆఫీసులో అడిగితే, ‘ఇది మోసం కేసు, పోలీసుల దగ్గరకు వెళ్లు’ అన్నారు. ఇద్దరూ కలిసి మనిషిని బంతాట ఆడారు. ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి, కమిషనరేట్లో అయితే డీసీపీకి, పోస్టులో పంపే హక్కు మీకుంది. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. ‘మా పరిధి కాదు’ అనే సాకు కూడా చెల్లదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందే. ఇవన్నీ ఆ అధికారికి తెలియక కాదు. రాసుకుంటే దర్యాప్తు చేయాలి, అదీ బాధ.

‘హ్యాండ్ లోన్’ అనే ఆ రెండు పదాలు చేసిన నష్టం అంతా ఇంతా కాదు. మోసంలో పోయిన డబ్బును అప్పుగా చూపించే సాక్ష్యాన్ని మోసపోయినవాడే సొంత చేత్తో తయారుచేసి ఇచ్చాడు. నోట్ గడిలో ఏం రాయమన్నా, ‘టికెట్’ అనే మాట రాయొద్దన్నాడంటే అక్కడే ఆగిపోండి. నిజాయతీగా అమ్మేవాడికి ఆ మాటతో ఇబ్బంది ఉండదు.

ఈ కేసును కాస్తయినా నిలబెట్టింది ఏమిటో తెలుసా? గొప్ప కోసం చేసిన పని. టికెట్లు రాగానే ఆయన పీడీఎఫ్‌లను ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చాట్ పోయినా అవి మిగిలాయి. వాటి మీద బుకింగ్ ఐడీ ఉంది. ఆ ఐడీతో మొదట ఎవరి ఫోన్ నంబరు మీద, ఎవరి కార్డుతో బుక్ చేశారో టికెట్లు అమ్మిన సంస్థ రికార్డులో దొరుకుతుంది. ఆ వివరాలు చెరిపేయకుండా భద్రపరచమని సంస్థకు నోటీసు ఇచ్చాం, డీసీపీకి ఫిర్యాదు పోస్టు చేశాం. ఎఫ్‌ఐఆర్ అయింది. డబ్బు ఇంకా రాలేదు. ఎందుకంటే ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది వారం తర్వాత. అప్పటికే ఆ ‘అక్క’ ఖాతా ఊడ్చిపెట్టి ఉంది. గేటు దగ్గరే, ఎర్ర లైటు వెలిగిన నిమిషంలోనే 1930కి చేసి ఉంటే, డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఉండేది.

ఇంకో రకం ఫైలు ఉంది. టికెట్టు అసలైనదే, షో రద్దయింది. రీఫండ్ ఎవరికి వెళ్తుంది? మొదట కొన్నవాడి కార్డుకు. మీకు 9,000కు అమ్మినవాడు మీ డబ్బూ ఉంచుకుంటాడు, అసలు ధరా వెనక్కి తెచ్చుకుంటాడు. కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ పట్టుకుని వసూలు చేయొచ్చని వాదిస్తాం. కానీ 9,000 కోసం సివిల్ దావా వేస్తే ఆటో చార్జీలకే సరిపోతుంది. ఇక్కడా మూలం ఒకటే. డబ్బు మనిషి ఖాతాకు వెళ్లింది, బుకింగ్ మీ పేరు మీదకు రాలేదు.

మూడో రకం వాళ్ల మీద నాకు జాలి కూడా లేదు. ఒకాయన డజను టికెట్లు కొన్నాడు. షో వాయిదా పడింది, కొత్త తేదీకి గిరాకీ లేదు, సంస్థ డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నా దగ్గరకు రాకముందే సొంతంగా నోటీసు పంపాడు. అందులో ‘నాకు రావాల్సిన లాభం కూడా పోయింది’ అని రాసుకున్నాడు! తిరిగి అమ్మడానికో, వ్యాపారానికో కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారుడే కాదు. అవతలి వకీలుకు వేరే వాదన అక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం చదివి కూర్చుంటే చాలు. న్యాయంగా రావాల్సిన టికెట్టు ధరకు కూడా ఎసరు తెచ్చుకున్నాడు.

సక్రమంగా కొన్నవాళ్లకు మాత్రం చట్టం బలంగానే ఉంది. సంస్థ దగ్గర నేరుగా కొన్నారు, సీటు లేదన్నారు, షో ఎత్తేసి డబ్బు ఇవ్వలేదు, చివరి మెట్టులో అడగని చార్జీలు కలిపారు. ఇవన్నీ జిల్లా కమిషన్‌లో నిలబడే కేసులు. మీరు ఉన్న ఊళ్లోనే వేయొచ్చు, సంస్థ ముంబయిలో ఉన్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్ల గడువు ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. ‘కొన్న టికెట్టుకు ఎట్టి పరిస్థితిలోనూ డబ్బు వాపసు లేదు’ అని చిన్న అక్షరాల్లో రాసుకున్నంత మాత్రాన షో పెట్టకుండా డబ్బు మింగేయడానికి వీల్లేదు. టికెట్టును తిరిగి అమ్ముకునే వీలు కొన్ని యాప్‌లలోనే ఉంది. అక్కడ అమ్మినవాడి పాత టికెట్టు రద్దయి మీ పేరు మీద కొత్తది వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనక తప్పదనుకుంటే ఆ దారిలోనే కొనండి.

ఈ వ్యాసం చదివేసరికే డబ్బు పంపేసి, మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కొందరుంటారు. వాళ్లు ఇప్పుడే నాలుగు పనులు చేయాలి. చాట్ మొత్తం, అవతలివాడి ప్రొఫైల్ పేరు, ఫోన్ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరి ఫోన్‌కు పంపండి. పాత ఫోన్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తే ఆ ఫోనే ఆధారం. లావాదేవీ నంబరు కాగితం మీద రాసుకోండి. చివరగా, ‘ఈ నంబరు బుకింగ్‌కు సంబంధించిన టికెట్లకు మీకు ఇంత పంపాను, అందిందా?’ అని అమ్మినవాడికి ఒక మెసేజ్ పెట్టి జవాబు రాబట్టండి. ‘హ్యాండ్ లోన్’ అని రాసిన తప్పును కొంతైనా దిద్దేది ఆ జవాబే. గేటు దగ్గర తేడా వస్తే సెక్యూరిటీ వాళ్లతో పోట్లాడుతూ కూర్చోకండి. వాళ్లకు సంబంధం లేదు. అక్కడ నిలబడే 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే ఇంటికి బయల్దేరండి.